నల్లగొండ ఎండకు ఏ టైరు, మిన్నెసోటా మంచుకు ఏ టైరు

ఎస్‌యూవీకి టైర్లు మార్చే టైం వచ్చిందంటే చాలామంది షాపుకు వెళ్లేముందు యూట్యూబ్ చూస్తారు. ఆల్ సీజన్ మంచిదా, వింటర్ టైరు మంచిదా అని అక్కడ గంటలకొద్దీ చర్చ నడుస్తుంటుంది. ఆ వీడియోల్లో చాలావరకు మిషిగన్‌లోనో టొరంటోలోనో తీసినవి. అవి చూసి నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో టైర్ల షాపుకు వెళ్లి "ఆల్ సీజన్ ఉన్నాయా?" అని అడిగితే షాపాయన ఒక టైరు చూపించి "ఇది అన్ని కాలాలకూ పనికొస్తుంది సార్" అంటాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అయితే మన దగ్గర టైరు కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి.

ఇంకోవైపు మన జిల్లాల నుంచి వెళ్లి అమెరికా, కెనడాల్లో స్థిరపడిన పిల్లలు ఎందరో. తండ్రి ఇక్కడ స్కార్పియో నడుపుతుంటే కూతురు అక్కడ షికాగోలోనో మిన్నియాపొలిస్‌లోనో తన ఎస్‌యూవీ నడుపుతుంటుంది. అక్టోబర్ వచ్చిందంటే ఆమెకు వింటర్ టైర్ల టెన్షన్. మార్చి దాటిందంటే ఇక్కడ తండ్రికి హైవే మీద టైరు పేలుతుందేమోనన్న భయం. ఈ ఇద్దరి సమస్యకూ మూలం ఒకటే: ఏ వేడిలో రబ్బరు ఎలా ఉంటుంది అన్నది. అది తెలిస్తే ఇక్కడ ఏది కొనాలో, అక్కడ ఏది వేయించాలో ఎవరినీ అడగకుండానే తేల్చుకోవచ్చు.

రోడ్డు పైకి నున్నగా కనిపించినా దాని మీద సన్నటి గరుకు ఉంటుంది. టైరు రబ్బరు ఆ గరుకులోకి దిగి, దాని ఆకారానికి ఒదిగి పట్టుకుంటుంది. అలా ఒదగాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి. ఉష్ణోగ్రత పడిపోయేకొద్దీ రబ్బరు, చలికి పేరుకున్న నెయ్యిలా, బిగుసుకుంటుంది. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వచ్చేసరికి పట్టు తగ్గడం మొదలవుతుందని టైర్ల పరిశ్రమ లెక్క. 8 డిగ్రీల దగ్గర బాగుండి 6 దగ్గర ఒక్కసారిగా చెడిపోతుందని దీని అర్థం కాదు. మార్పు నెమ్మదిగా వస్తుంది, చలి పెరిగేకొద్దీ ముదురుతుంది. సున్నాకు దిగిపోయాక తేడా బ్రేకు మీద కాలు పెట్టగానే తెలుస్తుంది.

వింటర్ టైరును ఈ చలి కోసమే తయారుచేస్తారు. గట్టి చలిలోనూ బిగుసుకోని రబ్బరు మిశ్రమం వాడతారు, అందులో సిలికా బాగా కలుపుతారు. గ్రిప్పు (రోడ్డును తాకే పై పొర) దిమ్మల మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలు వందలకొద్దీ ఉంటాయి. టైరు మంచు మీద దొర్లుతున్నప్పుడు ఆ చీలికలు తెరుచుకుని, వాటి అంచులు మంచును కొరికి పట్టుకుంటాయి. గాడులు లోతుగా ఉండి వాటిలో మంచు కూరుకుంటుంది. మంచుకు మంచు బాగా అతుక్కుంటుంది కాబట్టి అలా కూరుకోవడం కూడా మేలే చేస్తుంది. ఈ రకం టైరును మొదట తయారుచేసింది ఫిన్లాండ్‌లోని నోకియా కంపెనీ, 1934లో, లారీల కోసం. కార్ల టైరు ఆ తర్వాత రెండేళ్లకు వచ్చింది. ఇప్పుడు మన దేశపు అపోలో టైర్స్ చేతిలో కూడా ఇలాంటి టైర్లు చేసే కంపెనీ ఉంది. 2009లో అది కొన్న నెదర్లాండ్స్ కంపెనీ వ్రెడెస్టైన్ యూరప్ చలికి తగిన టైర్లు తయారుచేస్తుంది.

ఆల్ సీజన్ టైరు మామూలు టైరుకూ వింటర్ టైరుకూ మధ్య రాజీ. ఎండలో అరిగిపోనంత గట్టిగా, ఓ మోస్తరు చలిలో బిగుసుకోనంత మెత్తగా ఉండేలా చూస్తారు. మరీ ఎండలోనూ మరీ చలిలోనూ అది అందరికన్నా ముందుండదు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండేవాళ్లకు ఆ రాజీ ఏడాదంతా సరిపోతుంది. మిన్నెసోటాలో సరిపోదు.

టైరు పక్కన రెండు గుర్తులు ఉంటాయి, వాటిని ఒకటే అనుకుని మోసపోయేవాళ్లు చాలామంది. ఒకటి ఎం ప్లస్ ఎస్ (M+S). బురదకూ మంచుకూ పనికొస్తుందని తయారీదారు తనంతట తాను వేసుకునే ముద్ర అది. గాడులు ఒక తీరులో ఉంటే చాలు, మంచు మీద పరీక్ష పెట్టాల్సిన పని లేదు. రెండోది మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ. ఈ బొమ్మ కావాలంటే గట్టిపడిన మంచు మీద, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, దానికంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించాలి. అందుకే జర్మనీలో 2024 అక్టోబర్ నుంచి మంచు రోజుల్లో ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉంటే చెల్లదు, కొండ గుర్తు ఉండాల్సిందే. కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. ఒంటారియోలో అలాంటి చట్టం లేదు గానీ, 2016 నుంచి వింటర్ టైర్లు వేయించుకున్నవాళ్లకు ఇన్సూరెన్స్‌లో తగ్గింపు ఇవ్వాలి. టొరంటో చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఆ తగ్గింపు అడిగి తీసుకోవాలి.

అక్కడ ఎస్‌యూవీ కొన్న పిల్లలు ఇంటికి ఫోన్ చేసి "ఆల్ వీల్ డ్రైవ్ ఉంది నాన్నా, భయం లేదు" అంటారు. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందితే మంచులోంచి బండి సులువుగా కదులుతుంది, అంతవరకు నిజం. ఆపేటప్పుడు దాని సాయం ఏమీ ఉండదు. ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉంటాయి, ఆగడం అన్నది రబ్బరుకూ రోడ్డుకూ మధ్య పట్టు మీదే ఆధారపడి ఉంటుంది. పైగా ఎస్‌యూవీ బరువెక్కువ. సులువుగా కదిలింది కదా అన్న ధైర్యంతో వేగం పెంచిన బరువైన బండి, ఆల్ సీజన్ టైర్ల మీద, మంచు పేరుకున్న సిగ్నల్ దగ్గర ఆగకపోతే దానికి ఆల్ వీల్ డ్రైవ్ చేసేదేమీ లేదు. ఈ ఒక్క మాట మీ పిల్లలకు చెప్పండి. ఇంకో మాట కూడా: డబ్బు ఆదా అవుతుందని రెండే వింటర్ టైర్లు వేయించొద్దు. ముందు చక్రాలకు పట్టు ఉండి వెనక చక్రాలకు లేకపోతే మలుపులో బండి వెనక భాగం జారి గిర్రున తిరిగిపోతుంది. వేస్తే నాలుగూ వేయాలి.

రెండు సెట్లు కొనడం ఖర్చే. అయితే ఒక సెట్టు రోడ్డు మీద ఉన్నప్పుడు రెండోది అరగదు కాబట్టి ఆ ఖర్చులో కొంత తిరిగి వస్తుంది. రెండు సెట్లు పెట్టుకోవడానికి చోటు లేని అపార్ట్‌మెంట్ వాళ్లకు మధ్యేమార్గంగా ఆల్ వెదర్ టైర్లు ఉన్నాయి. వీటికి కొండ గుర్తు ఉంటుంది, ఏడాదంతా నడపొచ్చు. న్యూజెర్సీ లాంటి చోట, మంచు పడినా రోడ్లు త్వరగా శుభ్రం చేసే ఊళ్లలో, నా దృష్టిలో ఇది మంచి ఎంపిక. మిన్నెసోటా, ఉత్తర డకోటా, విస్కాన్సిన్ వైపు మాత్రం అసలైన వింటర్ టైర్లే వేయించుకోవాలి. మే వచ్చేసరికి వాటిని తీసేయాలి కూడా.

తీసేయాలని ఎందుకు అంటున్నానో మన ఊరి ఎండ చూస్తే అర్థమవుతుంది.

మన ఎండ సంగతి

నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలు మాట. 46 దాటిన ఏళ్లూ ఉన్నాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. గాలి వేడి 45 అంటే తారు రోడ్డు వేడి 60 దాటి ఉంటుంది. ఇక చలికాలం అంటారా, డిసెంబర్, జనవరి తెల్లవారుజామున 12, 13 డిగ్రీలకు పడితేనే మనం మంటలు వేసుకుంటాం. అదే రోజు మధ్యాహ్నం 28కి వస్తుంది. అంటే టైరు లెక్కలో మనకు చలికాలమే లేదు. 7 డిగ్రీల గీత దాకా మన రోడ్లు వెళ్లవు.

ఈ ఎండలో వింటర్ టైరు వేస్తే దాని మెత్తటి రబ్బరు ఇంకా మెత్తబడుతుంది. సన్నటి చీలికలున్న దిమ్మలు బ్రేకు వేసినప్పుడు నిలవకుండా ఒరుగుతాయి. ఆగే దూరం పెరుగుతుంది, మలుపులో బండి తేలినట్టు అనిపిస్తుంది, గ్రిప్పు చూస్తుండగానే అరిగిపోతుంది. ఎవరైనా విదేశీ టైర్లు తక్కువకు వచ్చాయని చెప్పి, వేలితో నొక్కితే దిగిపోయే మెత్తటి రబ్బరు, నిండా చీలికలు ఉన్న టైరు చూపిస్తే వద్దనండి. అలాగని కొండ గుర్తు కనిపించిన ప్రతి టైరూ వింటర్ టైరు కాదు. ఇక్కడ అమ్మే కొన్ని ఆల్ టెరైన్ (రాళ్ల బాటల్లో కూడా నడిచేలా చేసిన) టైర్లకు కూడా ఆ గుర్తు ఉంటుంది, వాటి రబ్బరు గట్టిది, అవి మన ఎండను తట్టుకుంటాయి.

మన దగ్గర షోరూంలో బండితోపాటు వచ్చే టైర్లు, షాపుల్లో దొరికే మామూలు టైర్లు మన వేడికీ మన వానకూ తగ్గట్టు చేసినవే. వాటిలో చాలావాటి మీద ఎం ప్లస్ ఎస్ ముద్ర కూడా ఉంటుంది. కాబట్టి ఆల్ సీజనా కాదా అన్న చర్చ మన దగ్గర తేలిపోయినట్టే. మిగిలిన అసలు విషయం వేడి.

టైరు వేడెక్కేది రోడ్డు వల్ల మాత్రమే అనుకుంటాం. ఎక్కువ వేడి టైరు లోపలే పుడుతుంది. చక్రం తిరిగే ప్రతిసారీ కింది భాగం బండి బరువుకు నలిగి మళ్లీ సాగుతుంది. రబ్బరు ఇలా నలిగి సాగినప్పుడల్లా కొంత శక్తి వేడిగా మారుతుంది. గాలి తక్కువగా ఉంటే నలుగుడు ఎక్కువ. బరువు ఎక్కువైతే నలుగుడు ఎక్కువ. వేగం పెరిగితే ఆ నలుగుడు నిమిషానికి మరిన్నిసార్లు. ఈ మూడూ కలిసిన రోజు బయట 45 డిగ్రీల ఎండ ఉంటే, పుట్టిన వేడి బయటికి పోయే దారి ఉండదు. టైరు లోపల ఉక్కు తీగల పొరలనూ రబ్బరునూ అతికించి ఉంచిన బంధం సడలుతుంది, చివరికి గ్రిప్పు పొర మొత్తం ఊడి వస్తుంది. హైవే పక్కన కనిపించే టైరు పేలికల్లో చాలావాటి కథ ఇదే.

ఈ విషయంలో ప్రపంచానికి పెద్ద పాఠం నేర్పింది ఒక ఎస్‌యూవీయే. 1990లలో అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల గ్రిప్పు పొర ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టాయి. 2000 ఆగస్టులో దాదాపు 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ ప్రమాదాల్లో 271 మంది చనిపోయారని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్కగట్టింది. టైరు తయారీలోని లోపాలు అందులో ఉన్నాయి. వాటితోపాటు గమనించాల్సినవి మరికొన్ని: అరిజోనా, టెక్సస్, ఫ్లోరిడా లాంటి వేడి రాష్ట్రాల్లోనే ఎక్కువ ప్రమాదాలు జరిగాయి. టైర్లలో గాలి 26 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టమని ఫోర్డ్ చెప్పింది, ఫైర్‌స్టోన్ తర్వాత 30 ఉండాలంది. ప్రయాణం మెత్తగా ఉండాలని గాలి తగ్గించి, సామాను నింపి, ఎండలో వేగంగా నడిపితే ఏమవుతుందో అక్కడ తేలింది. తప్పు నీదంటే నీదని రెండు కంపెనీలూ వాదులాడుకున్నాయి. ఆ ఏడాదే అమెరికా కొత్త చట్టం చేసింది, దాని ఫలితంగా 2008 మోడల్ నుంచి అక్కడి ప్రతి కారులో టైరు గాలి తగ్గితే లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరైంది. మన దగ్గర ఆ లైటు చాలా బండ్లలో లేదు. చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా, షాద్‌నగర్ నుంచి అలంపూర్ చౌరస్తా దాకా ఎండాకాలం మధ్యాహ్నం ఏడుగురిని ఎక్కించుకుని వందలో వెళ్లే బండి సరిగ్గా ఆ అరిజోనా పరిస్థితిలోనే ఉంటుంది. పెళ్లి బృందాలు, శ్రీశైలం వెళ్లే కుటుంబాలు ఇలాగే వెళ్తాయి కాబట్టి ఈ విషయం ఇంత వివరంగా చెబుతున్నాను.

గాలి లెక్క

ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించి పెట్టించుకోవడం మన దగ్గర చాలామందికి అలవాటు. దీన్ని మానుకోవాలి. వేడికి గాలి వ్యాకోచిస్తుంది కదా, తగ్గిస్తే మంచిదేగా అన్నది వాళ్ల వాదన. పైన చెప్పినట్టు, గాలి తగ్గితే నలుగుడు పెరిగి వేడి ఇంకా పెరుగుతుంది. పేలే ప్రమాదం తగ్గకపోగా ఎక్కువవుతుంది.

లెక్క చూడండి. పొద్దున 25 డిగ్రీల దగ్గర, బండి కదలకముందు 33 పీఎస్ఐ పెట్టారనుకుందాం. ఎండలో గంటసేపు నడిపాక టైరు లోపలి గాలి 65 డిగ్రీలకు చేరితే మీటరు సుమారు 39 చూపిస్తుంది. ప్రతి 5, 6 డిగ్రీలకు ఒక పాయింటు (ఒక పీఎస్ఐ) చొప్పున పెరుగుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ పెరుగుదల టైరు తయారుచేసినవాళ్లకు తెలుసు, దానికి చోటు ఉంచే డిజైన్ చేస్తారు. ఇప్పుడు నార్కట్‌పల్లి దగ్గర టీకి ఆగి, 39 ఉందని కంగారుపడి 33కు దించారనుకోండి. మర్నాడు పొద్దున టైరు చల్లబడ్డాక అందులో 27 మాత్రమే ఉంటుంది. ఆ 27తో మళ్లీ ఎండలో బయలుదేరతారు. అందుకే గాలి ఎప్పుడూ చల్లటి టైరులో చూడాలి. ఇంటి నుంచి రెండు మూడు కిలోమీటర్ల లోపు బంకులోనో పంక్చర్ దుకాణంలోనో పొద్దున్నే కొట్టించుకోవాలి. వేడెక్కిన టైరు నుంచి గాలి తీయకూడదు.

ఇదే లెక్క అక్కడ తిరగబడుతుంది. మిన్నియాపొలిస్‌లో వెచ్చటి గరాజీలో 20 డిగ్రీల దగ్గర 35 పెట్టిన టైరు, బయట మైనస్ 20కి వెళ్తే 28కి పడిపోతుంది. మొదటి గట్టి చలి రోజున పిల్లల కారులో టైరు లైటు వెలిగేది చాలాసార్లు ఇందుకే, పంక్చర్ అయి కాదు.

నైట్రోజన్ పెట్టిస్తే వేడికి పెరగదని బోర్డులు కనిపిస్తాయి. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, వేడికి రెండూ దాదాపు ఒకేలా వ్యాకోచిస్తాయి. నైట్రోజన్ టైరులోంచి కాస్త నెమ్మదిగా బయటికి పోతుంది, తేమ ఉండదు. అంతకుమించి ఆశించొద్దు. దాని మీద నమ్మకంతో నెలల తరబడి గాలి చూడకపోవడం అసలు నష్టం.

ఎంత పెట్టాలన్నది టైరు మీద వెతకొద్దు, అక్కడ ఉండేది అది తట్టుకోగల గరిష్ఠం. డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మామూలు బరువుకు ఒక అంకె, బండి నిండా మనుషులూ సామానూ ఉన్నప్పుడు ఇంకో అంకె దాని మీద రాసి ఉంటాయి. ఆ రెండో అంకెను పట్టించుకునేవాళ్లు తక్కువ. తిరుపతికో అన్నవరానికో ఏడుగురు బయలుదేరే ముందు పెట్టాల్సిన గాలి అదే.

కొనేటప్పుడు టైరు పక్కన ఉండే అంకెలు చదవడం కూడా పది నిమిషాల్లో వచ్చే విద్య. 255/60 ఆర్18 108 హెచ్ అని ఉంటే, 108 అన్నది ఒక్కో టైరు మోయగల బరువుకు గుర్తు, 1,000 కిలోలు. 104 అంటే 900, 100 అంటే 800, 96 అంటే 710. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా పరీక్షకు నిలిచింది, టీ 190, ఎస్ 180. మనం అంత వేగంతో వెళ్లం కదా అనొచ్చు. ఎక్కువ వేగానికి నిలిచిన టైరు ఎక్కువ వేడికి నిలిచిందని అర్థం, మన ఊళ్లలో ఆ అక్షరం విలువ అదే. కంపెనీ ఇచ్చినదానికంటే తక్కువ బరువు అంకె, తక్కువ అక్షరం ఉన్న టైరు ఎంత చవగ్గా వచ్చినా తీసుకోవద్దు. కొన్ని టైర్ల మీద టెంపరేచర్ అని రాసి ఏ, బీ, సీ అని గ్రేడు కూడా ఉంటుంది. అది అమెరికా పద్ధతి, వేడిని తట్టుకునే శక్తికి కొలత. మనకు ఏ గ్రేడే కావాలి. వింటర్ టైర్లకు ఆ గ్రేడు వేయాలన్న నిబంధనే అక్కడ లేదు. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి, మన దేశంలో అది తప్పనిసరి.

హెచ్‌టీనా, ఏటీనా

మన దగ్గర ఎస్‌యూవీ ఉన్నవాళ్లకు నిజంగా ఎదురయ్యే ఎంపిక ఇది. హెచ్‌టీ అంటే హైవే కోసం చేసిన టైరు: గాడులు నిడుపుగా, దిమ్మలు దగ్గరగా ఉంటాయి. ఏటీ అంటే ఆల్ టెరైన్: దిమ్మలు పెద్దవి, మధ్య ఖాళీలు వెడల్పు, పక్క గోడ దళసరి. చూడటానికి ఏటీ గంభీరంగా ఉంటుంది, థార్ లాంటి బండికి అందం తెస్తుంది. ఆ అందానికి మైలేజీలో, చప్పుడులో, తడి రోడ్డు మీద ఆగే దూరంలో కొంత చెల్లించాలి. దళసరి రబ్బరు ఎక్కువ కాబట్టి నిలకడగా వేగంతో వెళ్లేటప్పుడు వేడి కూడా ఎక్కువ పుడుతుంది.

మీ బండి వారం అంతా నల్లగొండ పట్టణంలో తిరిగి, ఆదివారం హైదరాబాద్ వెళ్లి వస్తుందా? మిర్యాలగూడ నుంచి నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీదనో, జడ్చర్ల నుంచి కల్వకుర్తి మీదుగా కోదాడ దాకా వెళ్లే జాతీయ రహదారి మీదనో నడుస్తుందా? అయితే హెచ్‌టీ తీసుకోండి, ఇంకో ఆలోచన వద్దు. ఊరికి వెళ్లే చివరి రెండు మూడు కిలోమీటర్లు మొరం బాట అయినా హెచ్‌టీ చక్కగా లాగుతుంది. చెల్క నేలలో వాన పడినా నీళ్లు త్వరగా ఇంకిపోతాయి, ఎర్రమట్టి బాట మర్నాటికి గట్టిపడుతుంది.

ఏటీ అవసరమయ్యేది బావి దగ్గరికి రోజూ బండి తీసుకెళ్లే రైతుకు, దేవరకొండ వైపు గుట్టల మధ్య తండాలకు తిరిగేవాళ్లకు, అచ్చంపేట, అమ్రాబాద్ వైపు రాళ్లు తేలిన బాటల్లో పని ఉన్నవాళ్లకు. రాళ్లు పక్క గోడను కోస్తాయి, పక్క గోడ కోసుకుపోతే దాన్ని అతకడం కుదరదు. అక్కడ దళసరి గోడ ఉన్న టైరు డబ్బు మిగులుస్తుంది. సర్కారు తుమ్మ ముళ్లకు కూడా ఏటీ కొంత మెరుగు. హెచ్‌టీ గ్రిప్పు అరిగి పలచబడ్డాక ఆ ముల్లు నేరుగా లోపలికి దిగుతుంది.

నల్లరేగడి మాత్రం వేరే లెక్క. మక్తల్, గద్వాల, అలంపూర్ వైపు వానాకాలం పొలం బాటలో తడిసిన రేగడి టైరు ఖాళీలన్నీ నింపేసి చక్రాన్ని నున్నటి ముద్దలా చేస్తుంది. ఏటీ కూడా అక్కడ కొంత దూరమే వెళ్తుంది. పూర్తిగా బురద కోసం చేసిన ఎంటీ టైర్లు ఉన్నాయి గానీ, హైవే మీద వాటి చప్పుడు, తడి రోడ్డు మీద వాటి బలహీనత చూస్తే ఇంటి బండికి నేను ఎవరికీ చెప్పను. రేగడి తడిసిన రోజు బండి రోడ్డు మీదే ఆపి నడిచి వెళ్లడం మంచిది.

వెడల్పాటి టైర్లు, పెద్ద రిమ్ములు వేయించుకునే సరదా గురించి ఒక్క మాట. పెద్ద రిమ్ము వేస్తే టైరు పక్క గోడ పొట్టిదవుతుంది, గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి ఉబ్బు వస్తుంది. ఆ ఉబ్బు ఉన్న టైరు ఎప్పుడు పేలుతుందో చెప్పలేం. కంపెనీ సైజు చాలు.

వానల్లో పట్టు అంతా గాడుల లోతు మీద ఉంటుంది. కొత్త హెచ్‌టీ టైరులో సుమారు 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, చట్టప్రకారం కార్లకు 1.6 దాకా వాడొచ్చు. గాడుల అడుగున చిన్న అడ్డకట్టలు ఉంటాయి, గ్రిప్పు వాటి మట్టానికి వచ్చిందంటే ఆ హద్దు వచ్చిందని. అంతదాకా ఆగొద్దు, 3 దగ్గరే మార్చేయండి. గాడులు నీళ్లను పక్కకు తోడలేకపోతే టైరు నీటి పొర మీద తేలుతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి వినదు. మృగశిరలో మొదటి వాన పడిన గంట మరీ ప్రమాదం: నెలల తరబడి పేరుకున్న ఆయిలు, దుమ్ము నీళ్లతో కలిసి జారుడవుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నాట్ల సమయంలో కేజీ వీల్స్ (ఇనుప చక్రాలు) ఉన్న ట్రాక్టర్లు పొలంలోంచి మోసుకొచ్చిన బురద తారు రోడ్డు మీద పరుచుకుని ఉంటుంది. హాలియా, మిర్యాలగూడ వైపు రాత్రి వెళ్లేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

వయసు సంగతి చాలామంది మరిచిపోతారు. తక్కువ తిరిగిన బండి టైర్లు గ్రిప్పు నిండుగా ఉండి కొత్తగా కనిపిస్తాయి. ఎండకూ గాలికీ రబ్బరు లోపల్లోపల ఎండిపోతూనే ఉంటుంది, మన వేడిలో ఇంకా త్వరగా. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి: 2323 అంటే 2023వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. ఐదేళ్లు దాటితే ప్రతి ఏడాదీ తెలిసినవాళ్లకు చూపించాలి. పదేళ్లు దాటితే ఎంత బాగున్నా తీసేయమని తయారీదారులే చెబుతారు. మన ఎండలో ఆరేళ్లకే మార్చమంటాను నేను, ముఖ్యంగా నీడ లేకుండా వాకిట్లో నిలిపే బండి అయితే. సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొనేవాళ్లు ఇంజిన్ చూసినంత శ్రద్ధగా ఈ నాలుగు అంకెలు చూడాలి.

లదాఖ్ వెళ్లే కుర్రాళ్లు కూడా వింటర్ టైర్ల గురించి అడుగుతుంటారు. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్తే మంచి గ్రిప్పు ఉన్న హెచ్‌టీయో ఏటీయో సరిపోతుంది. జనవరిలో మనాలి వైపు మంచులోకి వెళ్లాలంటే అక్కడ చక్రాలకు గొలుసులు దొరుకుతాయి, అవసరమైనంత దూరం కట్టుకుని తర్వాత విప్పేయాలి. ఒక వారం మంచు కోసం ఏడాదంతా మన ఎండలో పనికిరాని టైర్లు కొనడంలో అర్థం లేదు.

షాపులో డబ్బు కట్టేముందు నాలుగు టైర్ల మీదా తయారీ వారం చూసుకోండి, రెండేళ్ల కిందటి సరుకు అంటగడితే మార్చమనండి. వాల్వులు కొత్తవి వేయించండి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అక్కడే చేయించండి. రెండే మారుస్తుంటే కొత్తవి వెనక చక్రాలకు వేయించాలి, మంచులో చెప్పిన కారణమే తడి రోడ్డుకూ వర్తిస్తుంది. స్టెప్నీని కిందికి దించి చూడండి. ఎస్‌యూవీల్లో చాలావాటికి అది బండి కిందో వెనక డోర్‌కో ఉండి, కొన్న రోజు నుంచి ఎవరూ ముట్టుకోరు. 2020 నుంచి వచ్చిన నిబంధన వల్ల గాలి చూపే సెన్సర్లు, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ లేకుండానే కారు అమ్మొచ్చు. మీ బండిలో స్టెప్నీ ఉందో కిట్టు ఉందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మన్ననూర్ దాటాక దోమలపెంట దాకా అడవిలో పంక్చర్ దుకాణం కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు, పైగా ఆ దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. స్టెప్నీలో గాలి మిగతా టైర్లకంటే రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెట్టించండి. నెలల తరబడి వాడకపోయినా అందులోంచి గాలి కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది, ఎక్కువైతే వేసుకునే రోజు తగ్గించుకోవచ్చు.